దొంగిలించిన తొంభై అడుగులు

అక్టోబర్ 17, 2004. ఆదివారం. అమెరికాలోని బోస్టన్ నగరంలో అర్ధరాత్రి కావస్తోంది. ఫెన్‌వే పార్క్ స్టేడియం నిండా దాదాపు 35 వేల మంది. కుర్చీలున్నాయి గానీ కూర్చున్నవాళ్లు లేరు. చలికి టోపీలు చెవుల దాకా లాక్కున్నవాళ్లు కొందరు. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నవాళ్లు కొందరు. స్కోరుబోర్డు చూస్తే న్యూయార్క్ యాంకీస్ 4, బోస్టన్ రెడ్‌సాక్స్ 3. అది ఆఖరి ఇన్నింగ్స్. ఇంకో మూడు అవుట్లు పడితే ఆట అయిపోతుంది. ఆటే కాదు, ఆ ఏడాదే అయిపోతుంది. ఎందుకంటే ఏడు మ్యాచ్‌ల పోరులో యాంకీస్ అప్పటికే మూడు గెలిచేసింది. నాలుగోది కూడా నోటి దాకా వచ్చేసింది.

పైగా బంతి ఎవరి చేతిలో ఉందో తెలుసా? మరియానో రివేరా చేతిలో. ఆధిక్యం చేతిలో ఉన్నప్పుడు చివర్లో వచ్చి ఆట ముగించడమే అతని ఉద్యోగం. అందులో అతన్ని మించినవాడు బేస్‌బాల్ చరిత్రలోనే లేడు. 2019లో ‘హాల్ ఆఫ్ ఫేమ్’కి ఓటింగ్ జరిగితే ఒక్క ఓటు కూడా పోకుండా ఎన్నికైన మొదటి ఆటగాడు అతనే. అలాంటివాడు ఎదురుగా నిలబడితే ఏ జట్టయినా సామాను సర్దుకోవాల్సిందే. బోస్టన్ వాళ్లు మాత్రం ఆ రాత్రి సర్దుకోలేదు.

బేస్‌బాల్ తెలియదని కంగారుపడక్కర్లేదు. క్రికెట్ చూసే ఇంట్లో అయిదు నిమిషాల్లో అర్థమైపోయే ఆట. బౌలర్‌ని పిచర్ అంటారు, కీపర్‌ని క్యాచర్ అంటారు. జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ముగ్గురు అవుటైతే అవతలివాళ్ల వంతు. నాలుగు మూలలా నాలుగు బేస్‌లు. ఒకదాన్నుంచి మరోదానికి 90 అడుగులు. అన్నీ చుట్టి బయల్దేరిన చోటికే వస్తే ఒక్క పరుగు. బంతి ప్రేక్షకుల్లో పడితే హోమ్‌రన్, మన సిక్సర్‌కి అన్నగారు. పిచర్ నాలుగు బంతులు గాడి తప్పి వేస్తే బ్యాట్స్‌మన్ హాయిగా మొదటి బేస్‌కి నడిచి వెళ్లొచ్చు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక స్కోరు సమంగా ఉంటే తేలేదాకా ఆడాల్సిందే. ఇంకో చిత్రం కూడా ఉంది. పిచర్ బంతి విసిరే అదను చూసి, బేస్ మీద ఉన్నవాడు బ్యాట్స్‌మన్‌తో సంబంధం లేకుండా తర్వాతి బేస్‌కి పరుగెత్తొచ్చు. దొరికితే అవుటు. దొరక్కపోతే ఆ 90 అడుగులూ లాభం. దీన్ని అక్కడివాళ్లు మొహమాటం లేకుండా దొంగతనమనే అంటారు.

ఈ కథంతా అలాంటి ఒక్క దొంగతనం మీద నడిచింది.

అయితే అంతకుముందు 86 ఏళ్ల వెనక్కి వెళ్లాలి. 1903లో జరిగిన మొట్టమొదటి వరల్డ్ సిరీస్ గెలిచింది బోస్టనే. తర్వాత 1912, 1915, 1916, 1918ల్లోనూ గెలిచింది. అప్పట్లో ఆ జట్టులో బేబ్ రూత్ అనే కుర్రాడుండేవాడు. బంతీ వేసేవాడు, బ్యాటూ ఝళిపించేవాడు. 1919లో ఏకంగా 29 హోమ్‌రన్లు కొట్టాడు. అప్పటికి అదే రికార్డు. అలాంటి బంగారు బాతుని యజమాని హ్యారీ ఫ్రేజీ అదే ఏడాది డిసెంబర్లో లక్ష డాలర్లకు యాంకీస్‌కి అమ్మేశాడు. ఆయన నాటకాల కంపెనీ మనిషి. అప్పుల్లో ఉన్నాడు.

అప్పటిదాకా యాంకీస్‌కి ఒక్క కప్పూ లేదు. 2003 నాటికి 26 కప్పులు! బోస్టన్‌కి మాత్రం 1918 తర్వాత సున్నా. పోనీ దరిదాపులకు రాలేదా అంటే వచ్చింది. 1946, 1967, 1975, 1986ల్లో నాలుగుసార్లు ఫైనల్ చేరింది. నాలుగుసార్లూ ఏడో మ్యాచ్‌లోనే ఓడింది. 1986లో అయితే ఆరో మ్యాచ్‌లో కప్పుకి ఒక్క బంతి దూరంలో నిలిచింది. అక్కడ తడబడింది. చివరికి నేలబారుగా వచ్చిన మామూలు బంతి బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి దూరిపోయింది. పద్దెనిమిదేళ్లపాటు ఆ ఊళ్లో బక్నర్ పేరు తిట్టులా వాడుకున్నారు. స్కోరు అంతకుముందే సమమైందని గానీ, ఏడో మ్యాచ్ ఇంకా మిగిలే ఉందని గానీ ఎవరికీ గుర్తులేదు. ఓటమికి ఒక మనిషి దొరికితే చాలు, మిగతా ఎనిమిది మందీ తప్పించుకుంటారు.

ఇదంతా బేబ్ రూత్ శాపం అన్నారు. ‘బాంబినో’ అన్నది రూత్ ముద్దుపేరు. 1990లో డాన్ షాగ్నెసీ అనే బోస్టన్ విలేకరి ‘బాంబినో శాపం’ పేరుతో పుస్తకమే రాశాక ఈ మాట ఇంటింటికీ పాకింది. నిజానికి శాపం ఏమైనా ఉంటే దాని మూలం ఇంకోచోట ఉంది. 1945లో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడు ఇదే ఫెన్‌వే పార్క్‌లో సెలెక్షన్‌కి వచ్చాడు. చూసి పంపించేశారు. రెండేళ్ల తర్వాత అతనే బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో చేరి, అమెరికా బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడ బద్దలుకొట్టాడు. మిగతా జట్లన్నీ ఒక్కొక్కటిగా తలుపులు తెరిచాయి. అందరికంటే చివర తెరిచింది రెడ్‌సాక్స్. అది 1959లో. మంచి ఆటగాళ్లను ఒంటి రంగు చూసి వద్దనుకున్న జట్టు గెలవకపోవడానికి బేబ్ రూత్ ఆత్మ దాకా పోనక్కర్లేదు. కానీ దెయ్యం కథ చెప్పుకోవడం సులువు. తప్పు ఒప్పుకోవడమే కష్టం.

2003లో మళ్లీ ఇవే రెండు జట్లు, ఇదే సెమీఫైనల్. ఏడో మ్యాచ్‌లో బోస్టన్ 5-2తో ముందుంది. అలసిపోయిన పిచర్ పెడ్రో మార్టినెజ్‌ని మార్చకుండా మేనేజర్ మొండికేశాడు. స్కోరు సమమైంది. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ అనే యాంకీస్ ఆటగాడు మొదటి బంతినే స్టాండ్స్‌లోకి కొట్టాడు. అంతే! మేనేజర్ ఉద్యోగం ఊడింది. ఆ ఆరన్ బూన్ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి.

2004లో అమెరికా బేస్‌బాల్ ప్లేఆఫ్స్ పద్ధతి ఇలా ఉండేది. ఏప్రిల్ నుంచి ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడాలి. రెండు లీగుల్లో ఒక్కోదాన్నుంచి ముగ్గురు డివిజన్ విజేతలు, ఒక ‘వైల్డ్ కార్డ్’ జట్టు ముందుకెళ్తాయి. తొలి రౌండ్ అయిదు మ్యాచ్‌లు, తర్వాతి రౌండ్ ఏడు, ఆపైన వరల్డ్ సిరీస్. ఆ ఏడాది యాంకీస్ 101 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ విజేతగా వచ్చింది. 98 గెలిచిన బోస్టన్ వైల్డ్ కార్డ్‌తో దూరింది. (2022 నుంచి లీగుకి ఆరు జట్ల చొప్పున వస్తున్నాయి. టీవీలకు అదో పండగ.)

రెండో రౌండ్ మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు బోస్టన్ ప్రధాన పిచర్ కర్ట్ షిల్లింగ్ చీలమండ దెబ్బతింది. తొలి మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌లోనే ఆరు పరుగులిచ్చి కుంటుకుంటూ వెళ్లాడు. 10-7తో యాంకీస్ గెలుపు. రెండోది 3-1. మూడో మ్యాచ్ వానకు ఒకరోజు వాయిదా పడింది. మర్నాడు బోస్టన్ సొంత గడ్డ మీద 19-8! బేస్‌బాల్‌లో ఇలాంటి స్కోరు కనబడితే ఓడిన జట్టు అభిమానులు టీవీ కట్టేసి పిల్లల్ని పడుకోబెడతారు. ఏడు మ్యాచ్‌ల పోరులో 0-3తో వెనకబడ్డాక గెలిచిన జట్టు అమెరికా బేస్‌బాల్ చరిత్రలో అప్పటికి ఒక్కటీ లేదు.

నాలుగో మ్యాచ్‌కి ముందు మైదానంలో కెవిన్ మిల్లార్ అనే బోస్టన్ ఆటగాడు మాత్రం కనబడినవాడికల్లా ఒకటే చెబుతున్నాడు. ఈ రాత్రి మమ్మల్ని గెలవనిచ్చారో, రేపు పెడ్రో వస్తాడు, ఎల్లుండి షిల్లింగ్ వస్తాడు, ఏడో మ్యాచ్‌లో ఏమైనా జరగొచ్చు... ఇదీ వరస. విన్నవాళ్లు నవ్వుకున్నారు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రివేరా ముందుకి మొదట వచ్చింది ఆ మిల్లారే. నాలుగు బంతులు గాడి తప్పాయి. మిల్లార్ మొదటి బేస్‌కి నడిచాడు. అతను పరుగెత్తే రకం కాదు. అందుకే మేనేజర్ టెర్రీ ఫ్రాంకోనా అతన్ని పక్కకి పిలిచి, బెంచీ మీద నుంచి డేవ్ రాబర్ట్స్‌ని లేపాడు. మాటేమీ లేదు. కన్ను కొట్టాడంతే.

రాబర్ట్స్ తండ్రి నల్లజాతి అమెరికన్ సైనికుడు. తల్లి జపాన్ మహిళ. పుట్టింది ఒకినావాలో. సీజన్ మధ్యలో, జులై 31న లాస్ఏంజెలెస్ నుంచి బోస్టన్‌కి వచ్చాడు. పెద్ద బ్యాట్స్‌మన్ కాదు. ఒకటే విద్య, పరుగు. ఆ ఏడాది 38 బేస్‌లు దొంగిలించాడు. లాస్ఏంజెలెస్‌లో మౌరీ విల్స్ అనే పాతతరం మేటి అతనికి పాఠాలు చెప్పాడు. ‘నువ్వు పరుగెత్తుతావని స్టేడియంలో ప్రతి ఒక్కరికీ తెలిసిన రోజు ఒకటొస్తుంది. ఆ రోజు భయపడి ఆగిపోకు’ అన్నది ఆ పాఠాల సారాంశం. ఆ రోజు వచ్చింది.

అందరికీ తెలుసు. రివేరాకి తెలుసు. అందుకే బ్యాట్స్‌మన్‌కి బంతి వేయకుండా మొదటి బేస్‌కి విసిరాడు. రాబర్ట్స్ వెనక్కి దూకాడు. మళ్లీ విసిరాడు. మళ్లీ దూకాడు. మూడోసారీ అంతే. అన్ని రోజులుగా బెంచీ మీద కూర్చుని బిగుసుకుపోయిన కాళ్లకు ఆ మూడు దూకుళ్లే వార్మప్ అయ్యాయి. ఇది యాంకీస్ చేసిన ఉపకారం అనుకోవాలి. నాలుగోసారి రివేరా బ్యాట్స్‌మన్‌ వైపు బంతి వదిలాడో లేదో రాబర్ట్స్ దూసుకుపోయాడు. క్యాచర్ పొసాడా విసురు చక్కగానే వచ్చింది. రెండో బేస్ దగ్గర డెరెక్ జీటర్ బంతి అందుకుని చేయి కిందికి దించాడు. ఆ చేయి తగిలేసరికి రాబర్ట్స్ చేయి బేస్ మీదుంది. రెప్పపాటు తేడా. అంపైర్ రెండు చేతులూ చాచాడు: సేఫ్!

తర్వాత బిల్ మ్యూలర్ కొట్టిన బంతి రివేరాని దాటి నేరుగా మధ్యలోంచి దూసుకెళ్లింది. రాబర్ట్స్ హోమ్‌కి చేరాడు. 4-4. ఆట పన్నెండో ఇన్నింగ్స్ దాకా సాగింది. రాత్రి 1:22కి డేవిడ్ ఆర్టిజ్ కొట్టిన బంతి కుడివైపు గోడ అవతల పడింది. 6-4. బోస్టన్ ఇంకా బతికే ఉంది.

ఆర్టిజ్‌ది ఇంకో కథ. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన భారీ మనిషి. అందరికీ ‘బిగ్ పాపీ’. 2002 చివర్లో మినెసోటా ట్విన్స్ జట్టు మాకొద్దని వదిలేస్తే బోస్టన్ పన్నెండున్నర లక్షల డాలర్లకు తెచ్చుకుంది. ఆ ఆటలో అది చిల్లర కిందే లెక్క. వాన వల్ల విశ్రాంతి రోజు పోయి, వరసగా అయిదు రాత్రులు ఆడాల్సి వచ్చింది కదా! సోమవారం సాయంత్రమే అయిదో మ్యాచ్. బోస్టన్ 2-4తో వెనకబడితే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆర్టిజ్ హోమ్‌రన్ కొట్టి ఒక పరుగు తగ్గించాడు. కాసేపట్లో స్కోరు సమం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ ఆటగాడు టోనీ క్లార్క్ కుడి మూలకు బలంగా కొట్టాడు. బేస్ మీద ఉన్న రూబెన్ సియెరా తప్పకుండా హోమ్‌కి వచ్చేసేవాడే. కానీ బంతి నేల మీద పడి, ఎగిరి, పొట్టి గోడ దాటి జనంలో పడింది. నియమం ప్రకారం సియెరా మూడో బేస్ దగ్గరే ఆగిపోవాలి. ఆగిపోయాడు. ఫెన్‌వే పార్క్ 1912 నాటి స్టేడియం. ఎడమవైపు 37 అడుగుల ఆకుపచ్చ గోడ, కుడి మూలన నడుమెత్తు గోడ. బంతి మరో అడుగు తక్కువ ఎగిరితే ఈ కథ రాసే పనే ఉండేది కాదు.

పద్నాలుగో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఆర్టిజ్. పదో బంతికి బ్యాటు అంచుకి దగ్గరగా తగిలి గాల్లో తేలుతూ వెళ్లి మధ్యలో పడింది. గొప్ప షాటేం కాదు. గెలుపు మాత్రం గెలుపే. 5-4. అయిదు గంటల 49 నిమిషాల ఆట. తెల్లవారుజామున ఒక మ్యాచ్, అదే తేదీ రాత్రి ఇంకో మ్యాచ్... రెండూ ఒకే మనిషి బ్యాటుతో ముగిశాయి.

ఆరో మ్యాచ్ న్యూయార్క్‌లో. షిల్లింగ్ చీలమండ దగ్గర స్నాయువు జారకుండా పట్టి ఉంచే పొర చిరిగిపోయింది. అడుగు వేసినప్పుడల్లా అది ఎముక మీదికి జారిపోతోంది. ఆపరేషన్ చేస్తే ఆ ఏడాదికి ఆట బంద్. టీమ్ డాక్టర్ బిల్ మోర్గాన్ ఓ విచిత్రమైన ఉపాయం ఆలోచించాడు. స్నాయువుకి అటూ ఇటూ చర్మాన్ని లోపలి కణజాలానికి కలిపి కుట్టేస్తే జారకుండా గోడలా అడ్డుపడుతుంది. ఇలాంటిది అంతకుముందు ఎవరూ చేసినట్టు లేదు. అందుకే ముందు ఓ శవం కాలు మీద కుట్టి చూసుకుని, ఆ తర్వాతే షిల్లింగ్ కాలికి కుట్లు వేశాడు. మర్నాడు షిల్లింగ్ ఏడు ఇన్నింగ్స్ బంతులేశాడు. ఇచ్చింది ఒక్క పరుగు. టీవీ కెమెరాలు మాటిమాటికీ అతని తెల్ల మేజోడు వైపే తిరిగాయి. దాని మీద ఎర్రటి మరక మెల్లగా పెద్దదవుతోంది.

అదే మ్యాచ్‌లో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ స్టార్ అలెక్స్ రోడ్రిగ్జ్, తనని అవుట్ చేయడానికి వస్తున్న పిచర్ చేతిలోని బంతిని చేత్తో కొట్టి కింద పడేశాడు. మొదట అది చెల్లింది, యాంకీస్‌కి ఓ పరుగు కూడా వచ్చింది. అంపైర్లు ఒకచోట చేరి మాట్లాడుకుని తీర్పు మార్చారు. అంతకుముందు బోస్టన్ ఆటగాడు బెల్‌హార్న్ కొట్టింది హోమ్‌రన్ కాదన్న తీర్పుని కూడా అలాగే దిద్దారు. అప్పట్లో రీప్లే చూసే సౌకర్యం లేదు. పరాయి ఊళ్లో, యాభై అయిదు వేల మంది తిడుతుండగా ఒకే రాత్రి రెండుసార్లు తమ తప్పు తామే దిద్దుకున్నారు. ఆ సిరీస్ హీరోల జాబితాలో ఎవరూ వాళ్ల పేర్లు రాయరు గానీ, రాయాల్సిందే. జనం వస్తువులు విసరడంతో చివరి ఇన్నింగ్స్‌లో లాఠీలు, హెల్మెట్లతో పోలీసులు మైదానం అంచున కూర్చోవాల్సి వచ్చింది. బోస్టన్ 4-2. సిరీస్ 3-3.

ఏడో మ్యాచ్‌కి యాంకీస్ యాజమాన్యం బకీ డెంట్‌ని పిలిపించి లాంఛనంగా తొలి బంతి వేయించింది. 1978లో ఒక్క హోమ్‌రన్‌తో బోస్టన్ కొంప ముంచినవాడు! పాత గాయం కెలకడమే ఉద్దేశం. పని చేయలేదు. తొలి ఇన్నింగ్స్‌లోనే ఆర్టిజ్ హోమ్‌రన్. రెండో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి ఉండగా జానీ డామన్ ఇంకోటి. ఒకే దెబ్బకి నాలుగు పరుగులు. రెండు రోజుల విశ్రాంతితో వచ్చిన డెరెక్ లో ఆరు ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. 10-3. అయిదు రాత్రుల నరాల తెగే పోరులో చివరిదే చప్పగా ముగిసింది. బోస్టన్‌లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్‌ని 4-0తో ఊదేశారు. అక్టోబర్ 27న, చంద్రగ్రహణం పట్టిన రాత్రి చివరి అవుటు పడింది. అవుటైన ఆటగాడి చొక్కా మీద అంకె 3. బేబ్ రూత్ అంకె కూడా అదే. నమ్మేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!

ఆ తర్వాతి రోజుల్లో బోస్టన్ చుట్టుపక్కల శ్మశానాలకు జనం వెళ్లారు. సమాధుల మీద రెడ్‌సాక్స్ టోపీలు, జెండాలు, గెలిచిన వార్త అచ్చయిన పేపర్లు పెట్టి వచ్చారు. జీవితమంతా ఎదురుచూసి, చూడకుండానే పోయిన తాతలకు, తండ్రులకు చెప్పి రావడానికి. 86 ఏళ్లంటే మూడు తరాలు మరి. 2008 ఏప్రిల్లో బిల్ బక్నర్‌ని ఫెన్‌వే పార్క్‌కి పిలిచారు. ఎప్పుడో ఇడాహో రాష్ట్రానికి వెళ్లి స్థిరపడినవాడు వచ్చి తొలి బంతి వేశాడు. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే అతను కళ్లు తుడుచుకున్నాడు.

రివేరాకి కూడా చప్పట్లు కొట్టారు. 2005 ఏప్రిల్లో రెడ్‌సాక్స్ విజయోత్సవం జరిగింది. ఆ రోజు ప్రత్యర్థిగా వచ్చింది యాంకీసే. రివేరా పేరు పిలవగానే, తమకి మేలు చేసినవాడన్నట్టు జనం ఈలలు వేశారు. అతను నొచ్చుకోలేదు. టోపీ తీసి, పడీపడీ నవ్వాడు.

0-3 నుంచి లేచి సిరీస్ గెలిచిన బేస్‌బాల్ జట్టు ఆ తర్వాత ఇంకోటి రాలేదు. 2020లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ 3-3 దాకా వచ్చి ఏడో మ్యాచ్‌లో ఓడిపోయింది. నాలుగేళ్ల తర్వాత, 2024 వరల్డ్ సిరీస్‌లో యాంకీసే 0-3లో పడింది. మేనేజర్ ఎవరో కాదు, 2003లో బోస్టన్ గుండె పగలగొట్టిన ఆరన్ బూన్. నాలుగో మ్యాచ్ 11-4తో గెలిచారు. అయిదో మ్యాచ్‌లో 5-0తో ముందున్నారు. న్యూయార్క్ ఆశలు పెంచుకుంది. అయిదో ఇన్నింగ్స్‌లో వరస తప్పిదాలు చేసి ఆ అయిదు పరుగులూ చేజార్చుకున్నారు. లాస్ఏంజెలెస్ డాడ్జర్స్ 7-6తో గెలిచి కప్పు ఎత్తుకుపోయింది. డాడ్జర్స్ బెంచీ దగ్గర, మేనేజర్ స్థానంలో నిలబడి ఉన్నాడు డేవ్ రాబర్ట్స్.